వరాశికలో వరమూ లేదు, రాశీ లేదు

సందేహం: మాస్టారూ, మా అమ్మాయి పదో తరగతి. మెదడును కప్పే మూడు పొరల పేర్లు వరాశిక, లౌతికళ, మృద్వి అని తెగ వల్లె వేస్తోంది. అర్థమేమిటని అడిగితే నేను చెప్పలేకపోయాను. వరాశికకు వరంతో సంబంధం ఉందా? ఈ పొరల ఇంగ్లీషు పేర్లలో వచ్చే 'మేటర్' అంటే లాటిన్‌లో తల్లి అంటారు, అదెందుకు? (ఒక తల్లి, పొందూరు)

సమాధానం: వరంతో ఏ సంబంధమూ లేదమ్మా. అది బట్ట పేరు. 'వరాశిః స్థూలశాటకః' అంది అమరకోశం. అంటే దళసరి ముతక బట్ట. పుర్రెకు ఆనుకుని ఉండే పై పొర మూడింటిలోకీ మందం, గట్టిది కూడా. మృద్వి అంటే మెత్తనిది. మెదడు మడతలన్నిటికీ అంటుకుని ఉండే పలుచని లోపొర అది. మీ ఊళ్ళో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, సన్నగా వడికి నేసిన ఖద్దరును ఒక చేత్తో, గోనెపట్టాను ఇంకో చేత్తో తడిమి చూడమనండి. ఇక మరిచిపోదు.

లౌతికళ దగ్గర పిల్లలు లతనూ కళనూ వెతుక్కుంటారు. లూత అంటే సాలెపురుగు. కళ ఇక్కడ పొర. సుశ్రుతుడు ఒంట్లో ఏడు కళలున్నాయని చెప్పింది ఈ అర్థంలోనే. మధ్య పొర నుంచి మృద్వికి సన్నని పోగులు సాలెగూడులా సాగి ఉంటాయి. వాటి సందుల్లోనే మెదడు చుట్టూ ఉండే మస్తిష్కమేరు ద్రవం పారుతుంది. దీని ఇంగ్లీషు పేరు 'ఎరాక్నాయిడ్'లో ఉన్నదీ గ్రీకు సాలెపురుగే. మన సాలెపురుగు మాటలోని సాలె నేతగాడు కదా, నాకు ఈ మూడు పేర్లలో ఇదే ఎక్కువ ఇష్టం.

ఇక తల్లి సంగతి. అరబ్బీ వైద్యులు ఈ పొరలను మెదడుకు తల్లులన్నారు, గట్టి తల్లి, పలుచని తల్లి అని. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి తెచ్చినప్పుడు గట్టి తల్లి డ్యూరా మేటర్‌గా సరిగానే దిగింది. పలుచని తల్లి మాత్రం పయా మేటర్, అంటే భక్తిగల తల్లి అయిపోయింది. ఆ లెక్కన మన మృద్వే అసలుకు దగ్గర.

గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మనది. ముతక పొర, సాలెపొర, మెత్తని పొర అని ముందు చెప్పి, ఆ తర్వాత పుస్తకంలో పేర్లు చెప్పమని బడిపంతుళ్ళను వేడుకుంటున్నాను. మరొక్కటి. మెనింజైటిస్‌ను మనవాళ్ళు మెదడువాపు అనేస్తుంటారు. అందులో వాచేవి ఈ పొరలు. మెదడు పొరల వాపు అనాలి.