డచ్ కంపెనీ డబ్బు ఎగ్గొడితే: లీప్‌జిగ్‌లో ఉన్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెయిల్ చదివాను. ఐండ్‌హోవెన్ కంపెనీకి వెబ్‌సైటు డిజైన్ చేసి ఇచ్చావు, వాళ్ళు దాన్ని హాయిగా వాడుకుంటున్నారు, నీకు రావలసిన 3,800 యూరోలు మాత్రం ఇవ్వడం లేదు. "నేను జర్మనీలో, వాళ్ళు నెదర్లాండ్స్‌లో. లాయరు ఫీజుకే ఆ డబ్బు చాలదు, వదిలేద్దామనుకుంటున్నా" అని రాశావు. వదలకు తల్లీ. నువ్వు ఇలా అనుకుంటావన్న ధైర్యంతోనే వాళ్ళు నీ మెయిళ్ళకి జవాబు ఇవ్వడం లేదు. రాటర్‌డ్యామ్‌లో షిప్పింగ్ కాంట్రాక్టుల పని చేసినన్నాళ్ళూ సరిహద్దు అడ్డం ఉందని చిన్నవాళ్ళ బిల్లులు ఎగ్గొట్టేవాళ్ళని చూస్తూనే ఉన్నాను. యూరోపియన్ యూనియన్‌లో ఆ సరిహద్దు వాళ్ళు అనుకున్నంత ఎత్తులో లేదు.

ఈ వ్యవహారంలో చాలామంది తికమకపడేది ఒకచోటే. దావా ఏ కోర్టులో వేయాలన్నది ఒక ప్రశ్న. ఆ కోర్టు ఏ దేశపు చట్టం ప్రకారం తీర్పు చెప్పాలన్నది ఇంకో ప్రశ్న. డచ్ కోర్టుకి వెళ్తే డచ్ చట్టమే వర్తిస్తుందని నువ్వు భయపడుతున్నావు. అలా ఏమీ లేదు. రోమ్ వన్ అని యూరోపియన్ యూనియన్ నియమావళి ఒకటి ఉంది, 2009 డిసెంబరు 17 నుంచి కుదిరిన ఒప్పందాలకి అదే ఆధారం. చట్టం ఏదో ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉంటే అది వర్తిస్తుంది. ఏమీ రాసుకోకపోతే, సేవలు అందించే ఒప్పందాలకి సేవ చేసినవాళ్ళు నివసించే దేశపు చట్టం వర్తిస్తుంది. ఇక్కడ సేవ చేసింది నువ్వు. అంటే డచ్ జడ్జి ముందు కూర్చున్నా నీ బిల్లుని తూచేది జర్మన్ చట్టమే.

దీనివల్ల నీకు లాభం ఉంది. బాకీకి కాలపరిమితి కూడా ఆ చట్టం ప్రకారమే లెక్క. జర్మనీలో మామూలు బాకీకి మూడేళ్ళు, అదీ బాకీ పడిన సంవత్సరం ముగిసిన రోజు నుంచి. నీ ఇన్వాయిస్ గడువు 2025 మార్చిలో దాటింది కాబట్టి 2028 డిసెంబరు 31 దాకా నీకు హక్కు ఉంటుంది. ఇది కంపెనీల మధ్య లావాదేవీ లాంటిది కాబట్టి ఆలస్యానికి వడ్డీ జర్మన్ బేస్ రేటు మీద 9 శాతం పాయింట్లు. వసూలు ఖర్చు కింద ఇంకో 40 యూరోలు అడగవచ్చు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు, అందుకని నువ్వు పంపే ఆఖరి నోటీసులోనే ఈ రెండూ రాయి. చెల్లించడానికి రెండు వారాల గడువు ఇచ్చి, ఆ తేదీ స్పష్టంగా పెట్టు.

ఇక కోర్టు సంగతి. దీనికి బ్రస్సెల్స్ వన్ అనే ఇంకో యూరోపియన్ యూనియన్ నియమావళి ఆధారం. ఇప్పుడున్న రూపం 2012లో వచ్చి 2015 జనవరి 10 నుంచి అమల్లో ఉంది. మూల సూత్రం తేలిక: ప్రతివాది ఉన్న దేశంలో దావా వేయాలి. ఒప్పందాల విషయంలో ఇంకో దారి కూడా ఇచ్చారు, సేవ అందించిన చోట కూడా వేయవచ్చు. నువ్వు లీప్‌జిగ్‌లో కూర్చుని పని చేశావు కదా, అక్కడే వేస్తాను అంటావు. వేయవచ్చు. కానీ ఇంటర్నెట్‌లో పంపిన పనిని ఏ ఊళ్ళో అందించినట్టు అన్న దాని మీదే అవతలి లాయరు వాదన మొదలుపెడతాడు. అసలు బాకీ గురించి మాట్లాడకుండానే నెలలు గడిచిపోతాయి.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. నన్ను ఎవరు సలహా అడిగినా నేను ముందు అడిగేది, అవతలివాడి బ్యాంకు ఖాతా ఎక్కడుంది అని. కోర్టు గురించి ఆలోచన అక్కడి నుంచి మొదలవ్వాలి. నీ కంపెనీ ఆఫీసు, ఖాతా, ఆస్తి అన్నీ నెదర్లాండ్స్‌లోనే ఉన్నాయి. అక్కడి కోర్టు పరిధిని వాళ్ళు కాదనలేరు, తీర్పు వచ్చాక వసూలుకీ వేరే దేశం వెళ్ళక్కరలేదు. అందుకే నా మాట విని డచ్ కోర్టులోనే వెయ్యి. జర్మనీ తీర్పు అయినా నెదర్లాండ్స్‌లో చెల్లుతుంది, 2015 నుంచి దానికి అక్కడి కోర్టు దగ్గర విడిగా అనుమతి తెచ్చుకునే పని కూడా లేదు. అయినా సరే, తగాదా పడే చోట్లు ఎంత తగ్గితే నీకు అంత మంచిది.

ఏ పద్ధతిలో వెయ్యాలి? రెండు ఉన్నాయి. బాకీ గురించి వివాదం లేదు, కేవలం ఇవ్వడం లేదు అంటే యూరోపియన్ పేమెంట్ ఆర్డర్, అంటే బాకీ కట్టమని కోర్టు పంపే ఆదేశం, బాగుంటుంది. బాకీ ఎంత ఉండాలన్న పరిమితి దానికి లేదు. నెదర్లాండ్స్‌లో హేగ్ కోర్టు, జర్మనీలో బెర్లిన్‌లోని వెడ్డింగ్ కోర్టు వాటిని చూస్తాయి. ఆర్డరు అందిన 30 రోజుల్లో అవతలివాళ్ళు అభ్యంతరం చెప్పకపోతే అది అమలుకి సిద్ధం. అయితే అభ్యంతరానికి కారణం కూడా చెప్పక్కరలేదు, ఒక ఫారం పంపితే చాలు, ఆ దారి అక్కడితో ఆగుతుంది. నీ కంపెనీ ఈ మధ్య "డిజైన్ మేం అనుకున్నట్టు లేదు" అని ఒక ముక్క రాసింది కదా. అంటే అభ్యంతరం చెప్పడానికి ముందే సిద్ధమవుతున్నారు. కాబట్టి నీకు సరిపోయేది స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి, అంటే చిన్న మొత్తాల దావాలకి పెట్టిన యూరోపియన్ పద్ధతి.

ఇది 2009లో మొదలైంది. మొదట 2,000 యూరోల దాకానే ఉండేది, 2017 జూలై 14 నుంచి 5,000 చేశారు. వడ్డీ, ఖర్చులు ఇందులో లెక్కలోకి రావు, అసలు మాత్రమే చూస్తారు. లాయరు తప్పనిసరి కాదు. యూరోపియన్ యూనియన్ వాళ్ళ ఇ-జస్టిస్ వెబ్‌సైటులో "ఫారం A" అని ఒకటి ఉంటుంది. ఎవరు ఎంత ఇవ్వాలి, ఎందుకు ఇవ్వాలి, ఆధారాలేమిటి అన్నది అందులో రాయాలి. ఏ చట్టంలో ఏ సెక్షన్ అన్న వాదన నువ్వు చెయ్యాలని కోర్టు అడగకూడదని ఈ పద్ధతి నియమావళిలోనే ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ మాటే, మామూలు మనుషుల్ని తలుచుకుని రాశారనిపిస్తుంది. ఫారం అందాక కోర్టు 14 రోజుల్లో దాన్ని అవతలివాళ్ళకి పంపాలి, వాళ్ళకి జవాబు ఇవ్వడానికి 30 రోజులు. చాలావరకు అంతా రాతలోనే నడుస్తుంది. ఇవి కాగితం మీది గడువులు, కొంచెం సాగుతాయని అనుకునే దిగు. ఓడినవాళ్ళే ఖర్చులు భరించాలి, కానీ బాకీకి పొంతన లేని పెద్ద లాయరు బిల్లు తెచ్చి నీ మీద రుద్దడం కుదరదు. గెలిచాక తీర్పుకి కోర్టు ఇచ్చే "ఫారం D" సర్టిఫికెట్ తీసుకుని డచ్ బైలిఫ్ (తీర్పులు అమలు చేసే అధికారి) చేతిలో పెడితే, ఆయన కంపెనీ ఖాతాని జప్తు చేయించగలడు.

ఆధారాల విషయంలో బద్ధకించకు. వాళ్ళ సైటు నీ డిజైన్‌తో నడుస్తున్నట్టు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు ఈ రోజే తీసి పెట్టుకో, రేపు మార్చేస్తారు. "చాలా బాగుంది, లైవ్ చేస్తున్నాం" అన్న మెయిల్ ఉందన్నావు. మొత్తం కేసులో దానికి మించిన కాగితం లేదు.

ఒక హెచ్చరిక. వాళ్ళ మొదటి మెయిల్ కింద "మా షరతులు వర్తిస్తాయి" అని లింకు ఏమైనా ఉందేమో చూడు. కోర్టు ఫలానా అని అందులో ఉండి, అది నీ ఒప్పందంలో నిజంగా చేరి ఉంటే దానికే ప్రాధాన్యం. ఒప్పుకుంటూ టిక్కు పెట్టి, షరతుల్ని ప్రింటు తీసుకునే వీలుంటే అది రాతపూర్వక ఒప్పందమేనని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు 2015లో చెప్పింది. కార్ల అమ్మకం కేసు అది. నువ్వు కూడా ఇకనుంచి పని మొదలుపెట్టకముందే ఒక పేజీ ఒప్పందం పంపు. చట్టం జర్మనీది, కోర్టు లీప్‌జిగ్‌ది అని రెండు వాక్యాలు, కింద వాళ్ళ ఒప్పుకోలు. ఇన్వాయిస్ మీద రాస్తే సరిపోతుందని అనుకోకు, అది వెళ్ళేసరికి పని అయిపోయి ఉంటుంది. ఆస్ట్రియాలో పిల్లల బట్టలు అమ్మే ఒక కంపెనీ తన కోర్టు షరతుని ఇన్వాయిస్‌ల మీదే వేసుకుంది. రోమ్‌లోని కొనుగోలుదారు ముందుగా ఇటలీలో దావా వేశాడు. ముందు వేసిన కోర్టు తేల్చేదాకా ఆస్ట్రియా కోర్టు ఆగాల్సిందేనని 2003లో అదే యూరోపియన్ కోర్టు తీర్పు ఇచ్చింది. కోర్టుల ఆలస్యాన్ని ఆయుధంగా వాడే ఈ ఎత్తుని లాయర్లు ఇటాలియన్ టార్పెడో అనేవారు. బ్రస్సెల్స్ వన్ కొత్త రూపం దాన్ని చాలావరకు అడ్డుకుంది, రాసుకున్న కోర్టుకే ఇప్పుడు ముందు మాట. ఆ రక్షణ కావాలంటే మాత్రం రాసుకుని ఉండాలి.

వేరే దేశపు కోర్టు నుంచి నీకే కాగితం వస్తే చించి పడేయకు. నీకు తెలియని భాషలో ఉంటే రెండు వారాల్లోపు వెనక్కి పంపే హక్కు ఉంది, అది వాడుకో. ఊరుకుంటే నువ్వు లేకుండానే తీర్పు ఇస్తారు, అది జర్మనీలో నీ ఖాతా దాకా వస్తుంది. జవాబు రాసేటప్పుడు కోర్టు పరిధి మీద అభ్యంతరం ఉంటే మొదటి జవాబులోనే చెప్పాలి. చెప్పకుండా కేసు వాదిస్తే ఆ కోర్టుని ఒప్పుకున్నట్టే.

డెన్మార్క్ క్లయింటు అయితే ఈ స్మాల్ క్లెయిమ్స్, పేమెంట్ ఆర్డర్ రెండూ పనికిరావు. లండన్ క్లయింటు అయినా అంతే, 2020 చివరితో ఆ దారులు మూసుకుపోయాయి. ఒక దేశపు తీర్పుని ఇంకో దేశం గుర్తించేలా చేసే 2019 నాటి హేగ్ తీర్పుల ఒప్పందం బ్రిటన్‌కి 2025 జూలై 1 నుంచి వర్తిస్తోంది కాబట్టి కొంత ఊరట. ఇక హైదరాబాద్ స్టార్టప్‌కి పని చేస్తున్నానన్నావు, అక్కడ ఇంకా జాగ్రత్త. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద బ్రిటన్ పై కోర్టుల డిక్రీలు నేరుగా అమలు చేయించుకోవచ్చు, జర్మనీ ఆ జాబితాలో లేదు. జర్మన్ తీర్పు పట్టుకెళ్ళినా దాని ఆధారంగా అక్కడ మళ్ళీ దావా వేయాలి. అందుకని వాళ్ళ దగ్గర సగం డబ్బు ముందే తీసుకో, మిగతాది ఫైళ్ళు ఇచ్చేముందు తీసుకో. మనవాళ్ళే కదా అని మొహమాటపడకు.

ఫారం డచ్‌లో నింపాలి. నువ్వు తెలుగులోనో ఇంగ్లీషులోనో జరిగింది జరిగినట్టు తేదీల వారీగా ఒక పేజీ రాసి, ఇన్వాయిస్, ఆ మెయిళ్ళు, స్క్రీన్‌షాట్లు జతచేసి నాకు పంపు. డచ్‌లో నేను నింపుతాను. నోటీసు మాత్రం ఈ వారంలోనే నీ పేరు మీద వెళ్ళాలి.

మీ పెదనాన్న