తాళం వేసినా లోపలికి వస్తున్నాడు!

ప్రశ్న: లైనక్స్ సర్వర్‌లో ఒకరి అకౌంట్‌ను ‘పాస్‌డబ్ల్యూడీ -ఎల్’ కమాండ్‌తో లాక్ చేశాం. మర్నాడు అతను మామూలుగానే లాగిన్ అయ్యాడు. ఎలా?

జవాబు: మీరు తాళం వేసింది పాస్‌వర్డ్‌కి, అకౌంట్‌కి కాదు. ఆ కమాండ్ పాస్‌వర్డ్ వివరాలుండే /ఈటీసీ/షాడో ఫైల్లో అతని హ్యాష్ (పాస్‌వర్డ్ గుప్తరూపం) ముందు ఒక ఆశ్చర్యార్థకం చేరుస్తుంది, అంతే. ఇక ఏ పాస్‌వర్డ్ కొట్టినా సరిపోలదు. కానీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీతో, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే ఫైలుతో వచ్చేవాణ్ని పాస్‌వర్డ్ అడిగేదెవరు? చాలా డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పామ్ అనే లాగిన్ తనిఖీ వ్యవస్థ మీద ఆధారపడుతుంది. ఆ అమరికలో ఈ ఆశ్చర్యార్థకం కీని ఆపదు.

అకౌంట్ గడువే తీర్చేయండి: ‘యూజర్‌మాడ్ -ఈ 1’, పక్కన యూజర్ పేరు. రోజుల లెక్క 1970 జనవరి 1 నుంచి మొదలవుతుంది కాబట్టి 1 అంటే 1970 జనవరి 2, ఎప్పుడో దాటిన తేదీ. సున్నా మాత్రం ఇవ్వొద్దు, దాన్ని ‘గడువు లేదు’ అని చదివే వీలుంది. మళ్లీ తెరవాలంటే 1 బదులు ఖాళీ కోట్స్ ఇస్తే సరి.

అప్పటికే లోపలున్న సెషన్‌ని గడువు ఏమీ చేయదు. కాబట్టి ఆ తర్వాత ‘పీకిల్ -కిల్ -యూ’తో అతని ప్రాసెస్‌లన్నీ ఆపండి. వరస తిరగేస్తే మధ్యలో అతను మళ్లీ దూరతాడు. ‘క్రాన్‌ట్యాబ్ -ఎల్ -యూ’తో అతని క్రాన్ పనులూ (పెట్టిన వేళకు వాటంతటవే నడిచేవి) చూడండి, తీసేసేముందు కాపీ ఉంచుకోండి. షెల్‌ని (కమాండ్‌లు అందుకునే ప్రోగ్రామ్‌ని) లాగిన్‌ను తిప్పిపంపే నోలాగిన్‌గా మారిస్తే చాలదా అంటారు కొందరు. షెల్ రాదు నిజమే, పోర్ట్ ఫార్వర్డింగ్ (సర్వర్ మీదుగా వేరే చోటికి కనెక్షన్ మళ్లించడం) మాత్రం నడుస్తూనే ఉంటుంది.

తొందరపడి యూజర్‌ని డిలీట్ చేయకండి. ఫైళ్ల మీద ఉండేది పేరు కాదు, యూజర్‌ని గుర్తించే యూఐడీ నంబరు. రేపు కొత్తవారికి అదే నంబరు వస్తే, మిగిలిపోయిన ఆ ఫైళ్లు వాళ్లవైపోతాయి. ఇప్పటికే డిలీట్ చేసినవి ఉంటే ‘ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -నోయూజర్’ అనాథ ఫైళ్లను చూపిస్తుంది.

ప్రశ్న: ఒక యూజర్‌ని ఎస్‌ఎఫ్‌టీపీకే (ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఫైళ్లు పంపుకోవడానికే) పరిమితం చేద్దామని క్రూట్ డైరెక్టరీ (దాన్ని దాటి బయటికి పోలేని ఫోల్డర్) పెట్టాను. లాగిన్ కాగానే కనెక్షన్ తెగిపోతోంది.

జవాబు: ఆ డైరెక్టరీని యూజర్ పేరు మీద పెట్టి ఉంటారు. అదీ, దానిపైన / వరకు ఉన్న ప్రతి డైరెక్టరీ రూట్‌ (సర్వాధికారాలున్న అకౌంట్) సొంతమై ఉండాలి, గ్రూపుకీ ఇతరులకీ రాసే అనుమతి ఉండకూడదు (అనుమతుల కోడ్ 755 సరిపోతుంది). ఫైళ్లు పెట్టుకోవడానికి లోపల ఇంకో ఫోల్డర్ చేసి దాన్ని యూజర్‌కి ఇవ్వండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ సెట్టింగుల ఫైల్లో ఆ యూజర్ కోసం రాసే మ్యాచ్ బ్లాక్‌లో ఫోర్స్‌కమాండ్‌కి ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ ఇచ్చి, టీసీపీ ఫార్వర్డింగ్‌కి ‘నో’ పెట్టండి. ఈ బ్లాక్ ఫైలు చివర్లోనే ఉండాలి, లేకపోతే కింది వరుసలన్నీ దానికే చెందుతాయి. రీలోడ్‌కి ముందు ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’తో తప్పులు చూసుకోండి.

ప్రశ్న: ‘యూజర్‌మాడ్ -జీ’తో డాకర్ (కంటెయినర్లు నడిపే సాఫ్ట్‌వేర్) గ్రూపులో చేరాను. సుడో గ్రూపు (రూట్ అధికారంతో కమాండ్‌లు నడిపే వీలిచ్చేది) పోయింది!

జవాబు: పెద్ద జీకి ముందు చిన్న ‘ఏ’ మరిచారు. అది లేకపోతే ప్రధాన గ్రూపు తప్ప పాత గ్రూపులన్నీ ఎగిరిపోతాయి. లాగౌట్ చేయకండి. తెరిచి ఉన్న సెషన్‌లో పాత గ్రూపులు సాధారణంగా ఇంకా చెల్లుతాయి, అక్కడినుంచే ‘సుడో యూజర్‌మాడ్ -ఏజీ సుడో’తో తిరిగి చేరండి. అన్నట్టు, డాకర్ గ్రూపు ఇవ్వడమంటే దాదాపు రూట్ ఇచ్చినట్టే.