ప్రింటర్ ముట్టుకుంటే జిల్లుమంటోంది.. షాక్ కొట్టిన కొలీగ్‌కు పరీక్షలు అవసరమా?

ప్రశ్న: నా వయసు 36. సికింద్రాబాద్‌లో ఓ ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పాత కాంప్లెక్స్‌లో మూడో అంతస్తు మాది. కొన్నాళ్లుగా ప్రింటర్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది. పోయిన వారం తడిగుడ్డ పెట్టిన నేల మీద నిలబడి ప్రింటర్‌లో ఇరుక్కున్న పేపర్ తీస్తుండగా మా కొలీగ్‌కు గట్టిగా షాక్ కొట్టింది. కింద పడిపోయారు. ఒకట్రెండు నిమిషాలు పలకలేదు. తర్వాత లేచి ఏం కాలేదంటూ పనిలో కూర్చున్నారు. ఆసుపత్రికి వెళ్లలేదు. ఆయనకు పరీక్షలు చేయించాలా? ఇలాంటి ప్రమాదాలను ముందే ఎలా గుర్తించాలి? మళ్లీ జరిగితే ఏం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ సోదరి, సికింద్రాబాద్

జవాబు: మీ భయంలో అర్థముంది. ముందు మీ కొలీగ్ సంగతి చూద్దాం. షాక్ కొట్టాక నిమిషం పాటు పలకలేదంటే స్పృహ తప్పినట్టే లెక్క. అలాంటప్పుడు అదే రోజు ఈసీజీ తీయించాలి. వారం గడిచినా సరే, ఆయన్ను ఒకసారి ఫిజీషియన్ దగ్గరికి వెళ్లమనండి. మన ఇళ్లకు, ఆఫీసులకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది చేతిలో నుంచి కాళ్ల గుండా భూమిలోకి పోతుంటే దారిలో గుండె ఉంటుంది. గుండె లయ దెబ్బతినేది ఎక్కువగా షాక్ తగిలిన ఆ క్షణంలోనే కాబట్టి, ఈపాటికి ఆయనకు పెద్ద గండం గడిచిందనే చెప్పొచ్చు. అయినా గుండెదడ, ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం లాంటివేమైనా ఉంటే ఈరోజే వెళ్లాలి.

ఆయన్ను మరికొన్ని విషయాలు అడగండి. భుజం నొప్పిగా ఉందా? చేయి బయటికి తిప్పగలుగుతున్నారా? షాక్‌కు కండరాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి భుజం కీలు వెనక్కి జారిపోవచ్చు. మామూలు ఎక్స్‌రేలో సైతం ఒక్కోసారి దొరకని గాయమిది. తొలి రెండు మూడు రోజుల్లో మూత్రం ముదురు టీ డికాక్షన్ రంగులో వచ్చిందా? వచ్చి ఉంటే కండరాలు దెబ్బతిన్నాయని అర్థం, కిడ్నీ పరీక్షలు కూడా చేయించాలి. పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందా? రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి, వయసు పైబడినవారికి తల లోపల రక్తం నెమ్మదిగా చేరి, కొన్ని వారాల తర్వాత తలనొప్పి, మత్తు, వాంతులుగా బయటపడొచ్చు. చేతి మీద చిన్న కాలిన మచ్చే కదా అని వదిలేయొద్దు. కరెంటు కాల్చిన గాయం పైకి కనిపించేదాని కంటే లోపల ఎక్కువగా ఉంటుంది. ఇదే షాక్ గర్భిణికి తగిలితే మాత్రం, తనకు బాగానే ఉన్నా సరే, వెంటనే గైనకాలజిస్టుకు చూపించుకోవాలి.

ఇక ఆ జిల్లుమనడం గురించి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఏసీ గదిలో తలుపు పిడి పట్టుకున్నప్పుడు చురుక్కుమని ఒక్కసారి తగిలి పోయేది వేరు. గాలి పొడిగా ఉన్నప్పుడు ఒంటి మీద చేరే స్టాటిక్ కరెంటు అది, దానివల్ల హాని లేదు. ముట్టుకున్నంతసేపూ సన్నగా జిల్లుమంటూ ఉంటే మాత్రం ఆ మెషీన్ బాడీలోకి కరెంటు లీకవుతోందని, దాన్ని భూమిలోకి పంపాల్సిన ఎర్తింగ్ పనిచేయడం లేదని అర్థం. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో పెట్టడం, ఎర్త్ కోసం ఉండే లావు పిన్ను విరిగిపోవడం, బోర్డు దాకా ఎర్త్ వైరే రాకపోవడం.. ఎక్కువగా కారణాలు ఇవే. పొడి చెప్పులతో ఉన్నన్నాళ్లూ అది జిల్లుమనడంతోనే సరిపోతుంది. తడి నేల, చెమట పట్టిన చేయి తోడైతే అదే మెషీన్ ప్రాణం తీయగలదు. తడిసిన చర్మం కరెంటును ఆపలేదు. 100 మిల్లీయాంపులు, అంటే యాంపులో పదో వంతు, ఒంటి గుండా పోయినా గుండె ఆగిపోవచ్చు. మీ కొలీగ్‌కు జరిగింది అనుకోని ప్రమాదం కాదు. ఆ ప్రింటర్ కొన్నాళ్లుగా ముందే చెబుతూ వచ్చింది.

అందుకే ఆ ప్రింటర్ ప్లగ్ ఇవాళే తీసేయించండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసేదాకా ఎవరూ వాడొద్దు. ఆఫీసు మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉందో లేదో కూడా ఆయన్నే అడగండి. చాలామంది ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఎంసీబీ కాపాడేది వైరింగును. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీయాంపులు లీకైతే చాలు, రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. మూడు నెలలకోసారైనా నొక్కి చూడాలి. నొక్కినా పడిపోకపోతే అది పనిచేయనట్టే.

ఇలాంటి మిగతా గుర్తులను పట్టుకోవడానికి ఇంజినీర్ కానక్కర్లేదు. ప్లగ్ వేడెక్కడం, సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక, కాలిన ప్లాస్టిక్ వాసన, లైట్లు మినుకుమినుకుమనడం చాలు. 6 యాంపుల సాకెట్ మోయగలిగేది 1380 వాట్లు. ఒక్క ఎలక్ట్రిక్ కెటిలే 1500 వాట్లు ఉంటుంది. ప్రింటర్, రెండు కంప్యూటర్లు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే టీ కోసం కెటిల్ తగిలిస్తే వైరు లోలోపల కాగిపోతుంది. మాటిమాటికీ ఎంసీబీ పడిపోతోందని అంతకన్నా పెద్దది వేయించడం మరీ ప్రమాదం. యూపీఎస్ బ్యాటరీలు ఛార్జ్ అవుతున్నప్పుడు ఇట్టే మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఆ గదికి గాలి ఆడాలి, దగ్గర్లో పూజా దీపం, అగరుబత్తి ఉండకూడదు.

పాత కాంప్లెక్స్ అన్నారు. మీ సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16 సాయంత్రం అంటుకున్న మంటల్లో ఆరుగురు చనిపోయారు. అంతా జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్లలు. వాళ్ల ప్రాణం తీసింది పొగ. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా రక్తాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, తికమకతో మొదలై, లేచి నడుద్దామనుకునేలోపే కాళ్లు సహకరించవు. ముక్కుకు తడి గుడ్డ పెట్టుకుంటే మసి కొంత ఆగుతుంది, ఈ వాయువు ఆగదు. కాబట్టి అసలు మందు బయటపడే దారే. రేపు ఆఫీసుకు వెళ్లగానే మీ మెట్ల దారిలో ఒక్కసారి కిందిదాకా దిగి చూడండి. అట్టపెట్టెలు, పాత ఫైళ్లు, విరిగిన కుర్చీలు అడ్డున్నాయా? రెండో మెట్ల తలుపుకు తాళం ఉందా? ఆ తాళం ఒక్కటి తీయించగలిగినా మీ ఆఫీసులో అందరికీ మేలు చేసినవారవుతారు. మంటలొస్తే లిఫ్ట్ ఎక్కకండి. వంగి, నేలకు దగ్గరగా కదలండి. దాటి వచ్చిన తలుపులు మూసేస్తూ వెళ్లండి. కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దు, కార్బన్ డయాక్సైడ్ లేదా డ్రై పౌడర్ సిలిండరే వాడాలి. పొగ పీల్చినవారు మామూలుగా కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఈ విషవాయువును పసిగట్టలేక రీడింగ్ బాగానే చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు.

ఆఫీసుల నుంచి నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మాత్రం పడిపోయిన కేసులే. బీరువా పైనున్న ఫైలు కోసం చక్రాల కుర్చీ ఎక్కి మణికట్టు విరగ్గొట్టుకున్నవారు, నడిచే దారిలో వేలాడే ఛార్జర్ వైరు తట్టుకున్నవారు, ఏసీ నీళ్లు కారిన చోట జారినవారు. ఒక చిన్న స్టూల్ నిచ్చెన కొనమనండి. నేల తుడిచే పని ఆఫీసు తెరవకముందే అయిపోవాలి.

మళ్లీ ఎవరికైనా షాక్ కొడితే పట్టుకుని లాగకండి. కరెంటు పట్టేసిన మనిషిని ముట్టుకుంటే మీరూ అంటుకుపోతారు. మెయిన్ స్విచ్ ఆపండి. అది ఎక్కడుందో ఆఫీసులో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఆపే వీలు లేకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో తప్పించండి. తర్వాత పిలిచి చూడండి. పలకకుండా, సరిగా ఊపిరి తీసుకోకుండా ఉంటే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి సీపీఆర్ మొదలుపెట్టండి. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తున్నా అది ఊపిరి కిందికి రాదు. ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఆనించి, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరు నొక్కండి. నోట్లో నీళ్లు పోయడం, చేతిలో తాళాలు పెట్టడం, అరికాళ్లు రుద్దడం వద్దు. పోయే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని తగ్గిస్తుంది.

ఈ ప్రింటర్ విషయం నోటిమాటగా కాకుండా మేనేజర్‌కు మెయిల్‌లో రాయండి. జిల్లుమన్న తేదీలు గుర్తున్నంతవరకు చేర్చండి. మీ కొలీగ్ జీతం నెలకు 21 వేల రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ కార్డు ఉంటే, ఉద్యోగంలో తగిలిన దెబ్బకు వైద్యంతో పాటు పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం దాకా వస్తుంది. అందుకని జరిగిన రోజు, సమయం, చూసినవారి పేర్లతో ఆఫీసు యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ఇప్పుడైనా రాయించమనండి. ఆ చూసినవారిలో మీ పేరూ ఉండాలి.