మోకాలి మీద భారం తగ్గించు, కదలిక మానకు

చి.సౌ. చెల్లికి అక్క ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎమ్మారై రిపోర్టు చదివాను. కుడి మోకాలి లోపలి వైపు కార్టిలేజ్, అంటే కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర, దెబ్బతింది, బయటి వైపు బాగానే ఉంది. ఇప్పుడే ఆపరేషన్ వద్దని డాక్టరు గారు అనడం నాకూ సబబుగానే అనిపించింది. ఇక మంచం దిగనని నువ్వు ఫోనులో అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇన్నేళ్లు రోగులకి ఫిజియోథెరపీ చేయించినదాన్ని, నా మాట విను.

కార్టిలేజ్‌కి రక్తనాళాలు ఉండవు. అందుకే దెబ్బ తగిలితే చర్మం మానినట్టు మానదు. దానికి పోషణ అంతా కీలులో ఉండే ద్రవం నుంచే. కాలు ముడిచి చాపుతూ ఉంటేనే ఆ ద్రవం దానిలోకి ఇంకుతుంది. మంచాన పడితే ఆ పోషణా తగ్గుతుంది, తొడ కండా కరిగిపోతుంది. కండ బలం లేకపోతే అడుగు వేసినప్పుడల్లా ఆ అదురు కీలు మీదే పడుతుంది.

ముందు నేల మీద కూర్చోవడం మానెయ్. మోకాలు ఎంత ముడిస్తే చిప్ప వెనక ఒత్తిడి అంత పెరుగుతుంది. కత్తిపీట పక్కన పెట్టి, బల్ల మీద చాకుతో కూరలు తరుగు. పూజ కుర్చీలో కూర్చుని చేసుకో, దేవుడికేమీ కోపం రాదు. బాత్రూములో వెస్ట్రన్ కమోడ్ పెట్టించి, పక్క గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించమను.

చేతికర్ర పట్టుకుంటే ముసలిదాన్నంటారని జంకకు. అంత తక్కువ ఖర్చుతో అంత మేలు చేసే వస్తువు నేను మరొకటి చూడలేదు. చాలామంది దాన్ని నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. నువ్వు ఎడమ చేత్తో పట్టుకో. నడకలో కుడికాలి మీద నిలబడిన క్షణంలో ఒంటి బరువు దానికి ఎడమ పక్కన వేలాడుతుంది, అందుకే మోకాలి లోపలి వైపు నలుగుతుంది. ఎడమ చేతిలో కర్ర ఉంటే ఆ బరువులో కొంత అటు నుంచే నేలకు దిగిపోతుంది. కర్రా, కుడికాలూ కలిసి ముందుకు పడాలి. చెప్పులు వేసుకుని నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. కింద రబ్బరు బుష్ అరిగితే వెంటనే మార్పించు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

ఒంటి బరువు సంగతి నీకు కష్టంగా తోచినా చెప్పాలి. మోకాళ్లు అరిగిన, బరువు ఎక్కువున్న పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2005లో వచ్చింది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గిందని తేలింది. రాత్రి అన్నం సగం చేసి కూర పెంచు.

వ్యాయామానికి మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని అదిమి అయిదు లెక్కపెట్టి వదులు. పది సార్లు, పూటకోసారి. కుదిరితే సీటు ఎత్తుగా పెట్టి సైకిలు తొక్కు. మర్నాటికి నొప్పి గానీ వాపు గానీ పెరిగితే మోతాదు తగ్గించు, అంతేగాని మానెయ్యకు.

ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే, భారాన్ని బయటి వైపుకు మళ్లించే బ్రేస్ (మోకాలికి తొడుక్కునే గట్టి పట్టీ) గురించి డాక్టరు గారిని అడుగు. కాలు వంపు ఉంటే ఎముక సరిచేసి అదే పని చేసే ఆపరేషన్ కూడా ఉంది. నీకు బయటి వైపు బాగుంది కాబట్టి అడిగి చూడడంలో తప్పులేదు. మోకాలు ముడిచినచోటే బిగుసుకుపోయినా, జ్వరంతో పాటు ఎర్రగా వేడెక్కి వాచినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు, వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

కర్ర కొన్నాక వీడియో కాల్ చెయ్యి, ఎత్తు సరిపోయిందో లేదో చూసి చెబుతాను.

మీ అక్క