అమ్మ ఏడుస్తోంది, సంతకం పెట్టనా?

"గుంటూరులో ఉంటాను, 39 ఏళ్లు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. తెనాలి దగ్గర ఆయన సొంతంగా కొన్న ఎకరంన్నర ఉంది, వీలునామా రాయలేదు. పిల్లలం ఇద్దరమే. అన్నయ్య మిర్చి వ్యాపారంలో అప్పులపాలయ్యాడు. నా వాటా వదులుకుంటున్నట్టు రిజిస్ట్రేషన్ చేయమంటున్నాడు. అతని దగ్గరే ఉంటున్న అమ్మ రోజూ ఫోన్ చేసి, 'కాదంటే నీకు పుట్టిల్లు లేనట్టే, మీ నాన్న ఆత్మ క్షోభిస్తుంది' అని ఏడుస్తోంది. శుక్రవారం రమ్మన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు." – ఒక సోదరి

చెల్లెమ్మా, మీ అమ్మగారు నాటకమాడుతున్నారని మాత్రం అనుకోకండి. భర్త పోయిన ఏడాది తిరక్కుండానే అప్పులవాళ్లు గుమ్మంలోకొస్తే ఏ తల్లికైనా ఏడుపొస్తుంది. పైగా ఆవిడ తినేది కొడుకింట్లో. రేపు తన గతేమిటన్న భయం కూడా ఆ ఏడుపులో ఉంది.

కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అప్పు ఎంత? ఎవరికివ్వాలి? మీ వాటాతో తీరుతుందా? ఒక్కటీ లేదు. వాళ్లు చెప్పలేదు, మీరు అడగలేదు. మనసు కరిగించి అడిగే ప్రతిచోటా జరిగేది ఇదే. విజయవాడ బీసెంట్ రోడ్డులో నగల షాపుకెళ్తే "ఆడపిల్ల ఉన్న ఇల్లు, ఆలోచించండమ్మా" అంటారు. ఆ మాటకి తరుగెంతో అడగడం మర్చిపోతాం. "ఈ ముద్ద తినకపోతే అమ్మ ఏడుస్తుంది" అని పిల్లలకు తినిపించేదీ మనమే. చిన్నప్పటినుంచీ అలవాటైన దారి కాబట్టే అంత త్వరగా లొంగిపోతాం.

నాన్నగారి స్వార్జితానికి వీలునామా లేదు కాబట్టి, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకీ అన్నకీ మీకూ సమాన వాటాలు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఒత్తిడి చేసి పెట్టించారని తర్వాత కోర్టుకెళ్లవచ్చు. కానీ ఒత్తిడి చేసింది కన్నతల్లేనని మీరే రుజువు చేయాలి. మీరు ఆ పని చేయగలరా?

అందుకే శుక్రవారం వెళ్లకండి. ఆ మాట ఫోన్లో చెప్పొద్దు. ముందే ఒకరోజు, అన్నయ్య ఇంట్లో లేని వేళ చూసుకుని, అమ్మ పక్కన కూర్చోండి. "అమ్మా, నువ్వు నా దగ్గర ఎన్నాళ్లైనా ఉండొచ్చు" అన్నది మొదట చెప్పండి. ఆ తర్వాతే పొలం సంగతి. అన్నయ్యను ప్రామిసరీ నోట్లు, బాకీల లెక్క చూపించమనండి. కోప్పడతాడు. "లెక్క చూశాకే, అన్నయ్యా" అని మళ్లీ అదే చెప్పండి. కాగితాలు చూపించడానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసహాయం ఉచితం. 15100కి ఫోన్ చేయొచ్చు.

అన్నీ చూశాక కూడా ఇవ్వాలనిపిస్తే సంతోషంగా ఇవ్వండి. అది మీరిచ్చినదవుతుంది. కాకపోతే అమ్మ వాటా జోలికి ఎవరూ వెళ్లకుండా చూడండి.

'పుట్టిల్లు లేనట్టే' అన్న మాటకు మాత్రం బదులు చెప్పకండి. అలా అన్న రాత్రి ఆవిడా నిద్రపోయి ఉండరు. వెళ్లేటప్పుడు అమ్మకి ఎప్పుడూ ఏం పట్టుకెళ్తారో అవే పట్టుకెళ్లండి.