ఆ 'ఆమేన్' సంగతి ముందు తేల్చుకోండి

అమ్మా, చేతికందిన ఉద్యోగం చివరి నిమిషంలో తప్పిపోవడం, నెల తిరగకముందే బాబుకు మళ్ళీ జ్వరం రావడం, కూడబెట్టిన డబ్బు మందులకే అయిపోవడం అన్నీ రాసి, ఇది దేవుడు పెట్టిన పరీక్షా లేక మీలో ఏదైనా పాపముందా, ఇంకెన్ని రోజులు ఉపవాసముంటే ఇవి ఆగుతాయి అని అడిగారు. ఆ లెక్క ఏ సేవకుని దగ్గరా ఉండదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం ఇతనిదా, కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదని ప్రభువైన యేసే చెప్పాడు (యోహాను 9:3). ఆ ప్రశ్నను ఇక వదిలేయండి.

మీరు ఉత్తరం చివర ముక్తసరిగా రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ అత్తగారు 'ఈ యింట్లోని అల్పవిశ్వాసాన్ని క్షమించు తండ్రీ' అని పైకి అంటారు, మీరు తలవంచుకుని మోకాళ్ళ మీదే ఉంటారు, పక్కనే ఉన్న మీ వారు 'ఆమేన్', అంటే అలాగే జరుగు గాక, అంటారు. ఉద్యోగం పోయిన దుఃఖాన్ని మీరు తట్టుకున్నారు. ఆ ఆమేన్‌ను తట్టుకోలేకపోతున్నారు.

బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం మళ్ళీ చదవండి. ఏటేటా మందిరానికి వెళ్ళినప్పుడల్లా సవతి పెనిన్నా పోరు పడలేక, పిల్లలు లేని హన్నా అన్నం మాని ఏడ్చేది. భర్త ఎల్కానాకు ఆమె బాధ పూర్తిగా అర్థమైందని నేననను గాని, ఎందుకు ఏడుస్తున్నావని అడగడమైనా అడిగాడు. యాజకుడైన ఏలీ ఆమె మత్తులో ఉందని నిందించినప్పుడు, 'ఏలినవాడా' అని గౌరవిస్తూనే అది నిజం కాదని ఆమె చెప్పింది. చేయని తప్పును నెత్తిన మోయడమే భక్తి అని నేను ఎన్నడూ నమ్మలేదు.

అత్తగారితో వాదన వద్దు. కొడుకు ఇంటి కష్టాలకు ఆ పెద్దావిడ భయంతో ఒక కారణం వెతుక్కుంటున్నారు. మాట్లాడవలసింది మీ వారితో. ఇద్దరే ఉన్నప్పుడు 'మీరు ఆమేన్ అన్నది నా ఏ పాపానికి?' అని నెమ్మదిగా అడిగి, ఆయన జవాబు చెప్పేదాకా ఆగండి. భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకే ఆటంకం కలుగుతుందని పేతురు మొదటి పత్రిక 3:7 హెచ్చరిస్తుంది. అది ఆయన చేతే చదివించండి. రేపటి ప్రార్థనలో ఆయన మీ పేరు పెట్టి, మీ కోసం, అందరూ వినేలా ప్రార్థించాలి.

ఉపవాసం ఇక ఆపండి. జ్వరంతో ఉన్న బిడ్డను రాత్రంతా ఎత్తుకోవలసిన తల్లి మీరు. హన్నా కూడా బిడ్డ కడుపున పడకముందే, ప్రార్థన ముగించి వెళ్ళి భోజనం చేసింది. బాబుకు జ్వరం ఎందుకు తిరగబెడుతోందో వైద్యులను అడిగి తెలుసుకోండి, ఆ రోజు మీ వారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి.