తుక్కుతో బొమ్మలు చేయాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

"తుక్కుతో శిల్పాలు చేయాలని ఉంది, సామాను ఎలాగూ ఊరికే దొరుకుతుంది కాబట్టి తేలికే కదా, ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగారు. ఊరికే దొరకదు, తేలికా కాదు. ముందు నేర్చుకోవాల్సింది మాత్రం వెల్డింగ్ కాదండీ, కడగడం.

నేను మొదట చేసిన పెద్ద బొమ్మ కొంగ. ముక్కుకి ఓ పాత కటింగ్ ప్లేయర్, మెడకి సైకిల్ చైను, కాళ్లకి జీఐ పైపు, అంటే తుప్పు పట్టకుండా పూత పూసిన ఇనుప పైపు. పైపు తిన్నగా ఉంది, తుప్పు లేదు, తళతళలాడుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ తళతళే కొంప ముంచింది. వెల్డింగ్ రాడ్ ఆనించగానే తెల్లటి పొగ, గాల్లో దూదిపింజల్లాంటివేవో తేలుతున్నాయి, నోట్లో అదో రకం తియ్యటి ఇనుప రుచి. చప్పుడు బయటికి పోకూడదని తలుపులు మూసుకుని మరీ చేశాను! రాత్రికి చలి, వణుకు, ఒళ్లంతా నొప్పులు. వైరల్ జ్వరమనుకుని ముసుగు తన్ని పడుకుంటే మర్నాడు సాయంత్రానికల్లా ఏమీ జరగనట్టు తగ్గిపోయింది. ఈ పనిలో తల పండిన వెల్డర్ ఒకాయన విని నవ్వాడు, జ్వరం కాదు, పైపు పొగ అని. పైపు మీది పూత జింకు. అది 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఇనుము కరగాలంటే 1500 దాటాలి, ఇక అతుకు పడేలోపు ఆ జింకంతా ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి. ఇప్పుడు జీఐ జోలికే పోను.

మెడ కథ వేరు. చైను పైకి పొడిగా కనిపించినా పిన్నుల లోపల గ్రీజు ఉంటుంది, వేడికి అది మరిగి అతుకంతా బుడగలు. చూడ్డానికి వచ్చినవాళ్ల ముందే టక్కున విరిగి కొంగ తల నా చెప్పు మీద పడింది. ఇప్పుడు చైన్లు రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరాకే ముట్టుకుంటాను. లోపల సన్న చువ్వ వంచి పెట్టి, చైన్ని దాని మీద అతుకుతాను. బరువంతా చువ్వదే, చైను సోకు కోసమే. ఇంకోటి, పాత పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని దాని మీద రాడ్ పెట్టకండి, లోపలి ఆవిరి చాలు పేలడానికి.

అసలు నా బాధ వేరే. బొమ్మ ముందు నిలబడి అందరూ "ఇది స్పానర్ కదా, అది బేరింగ్ కదా" అని లెక్కపెడతారు, ఆ తర్వాత పర్యావరణానికి ఎంత మేలో అంటారు. ఒక కొంగకి పట్టే రాడ్లు, కరెంటు, గ్రైండర్ చక్రాలు చూస్తే ఆ మాట అనరు. 1942లో పికాసో సైకిల్ సీటు మీద హ్యాండిల్ బార్ పెట్టి ఎద్దు తల చేశాడు, అంతే, రెండే ముక్కలు. ముందు ఎద్దు కనిపిస్తుంది, సీటు తర్వాత గుర్తొస్తుంది. అలా రాకపోతే అది శిల్పం కాదు, అతికించిన సామాను. చండీగఢ్‌లో నేక్ చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసుకుంటూనే 1957 నుంచి ఎవరికీ తెలియకుండా విరిగిన గాజులు, పింగాణీ పెంకులతో బొమ్మలు పేర్చుకుంటూ పోయాడు, ఆ బొమ్మల తోటే రాక్ గార్డెన్, జనానికి తెరిచింది 1976లో. ఆయన్ని ఎవరూ మెచ్చుకోలేదు అన్నేళ్లు, చూడనేలేదు కాబట్టి. ఒక్కోసారి అదే నయమనిపిస్తుంది.

ఖర్చు గురించి అంటారా, "చెత్తే కదా, అంత రేటా?" అనేవాళ్లే మర్నాడు పాడైన మిక్సీ తెచ్చి మన గేటు ముందు పెట్టి పోతారు, మీకు పనికొస్తుందని. ప్లాస్టిక్ మిక్సీ! దాన్ని మళ్లీ పారేయాల్సింది నేనే.